ఒకటో నంబరు బిళ్ళ

గూడూరు వైపు అభ్రకం గనుల మీద తనిఖీ అధికారిగా కోదండపాణి అనే ఆయన ఉండేవాడు. గనిలోకి దిగడమంటే ఆయనకు భయం, ఆ భయం ఉందని ఒప్పుకోవడమంటే అంతకంటే ఎక్కువ భయం.

భయం తప్పు కాదు. భూమికి బెజ్జం పెట్టి అందులోకి దిగాలంటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. నాకు భయం, నన్ను పైపనిలో వేయండి అంటే గనుల శాఖ ఆయన్ను కుర్చీలోనే కూర్చోబెట్టేది. కానీ కోదండపాణి ఆ మాట అనలేదు. దానికి బదులు ఒక ఉపాయం కనిపెట్టాడు.

ఏ గనికి వెళ్ళినా ఆయన మేనేజరుతో, "నాతో ఎవరూ రావద్దు. మీరు వెంట ఉంటే మీరు చూపించిందే చూస్తాను. ఒంటరిగా తిరిగితేనే నిజం తెలుస్తుంది" అనేవాడు. తర్వాత గనిలోకి దిగడానికి కాస్త దూరాన తవ్వి ఉంచిన రెండో దిగుడుబావి వైపు నడిచి వెళ్ళేవాడు. అక్కడ నిచ్చెన ఉండేది గాని మనుషులు ఉండేవారు కాదు. పక్కనే ఉన్న పాత రేకుల షెడ్డులో కూర్చుని గంటసేపు పేపరు చదువుకునేవాడు. లేచేటప్పుడు గుప్పెడు అభ్రకం పొడి తీసుకుని బూట్లకు, మోకాళ్ళకు పూసుకునేవాడు. తళతళా మెరుస్తూ తిరిగి వచ్చే ఆ అధికారిని చూసి, "అబ్బో, ఎంత నిక్కచ్చి మనిషి!" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పు కూడా ఆయన సిగ్గుపడకుండా పుచ్చుకునేవాడు.

ఆయన నివేదిక ఎప్పుడూ నాలుగే వాక్యాలు. "దిగి చూశాను. పైకప్పు గట్టిగా ఉంది. గాలి బాగుంది. నీరు లేదు." నిద్రలో లేపినా ఆ చెయ్యి ఆ నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టగలదు.

ఆయన చూడవలసిన గనుల్లో మెరకతిప్ప గని ఒకటి. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. దిగుడుబావి ముందు ఒక చెక్క, దానికి మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఇత్తడి బిళ్ళ. లోపలికి దిగేవాడు తన నంబరు బిళ్ళ తీసుకుని జేబులో వేసుకోవాలి. పైకి వచ్చాక మళ్ళీ మేకుకు తగిలించాలి. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఆ పూట ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. ఒకటో నంబరు బిళ్ళ తనిఖీకి వచ్చే అధికారిది.

ఆ చెక్క దగ్గర మస్తానమ్మ కూర్చునేది. ఆ కట్టుబాటు ఆమె వల్లే వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఆమె భర్త లోపల రాళ్ళ కింద చిక్కుకున్నాడు. ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడనుకుని అందరూ వెళ్ళిపోయారు. తెల్లారి వెళ్ళి చూస్తే ప్రాణం లేదు, చేతిలో రాయి ఉంది, పక్కన గోడంతా తట్టిన గుర్తులు ఉన్నాయి. ఎంతసేపు తట్టాడో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి మస్తానమ్మ ఖాళీ మేకును చూస్తే అక్కణ్ణించి కదిలేది కాదు. ఇప్పుడు ఆమె కొడుకు రవణయ్య అదే గనిలో డ్రిల్లు పట్టేవాడు.

ఒకసారి కోదండపాణి మెరకతిప్పకు వచ్చాడు. బావి ముందుండే పుస్తకంలో దిగిన సమయం రాశాడు, ఒకటో నంబరు బిళ్ళ జేబులో వేసుకున్నాడు, రెండో బావి వైపు నడిచాడు. పేపరు చదువుతుండగా మబ్బు పట్టింది. వాన వచ్చేలోగా ఊరు చేరాలని గబగబా జీపెక్కి వెళ్ళిపోయాడు. బిళ్ళ జేబులోనే ఉండిపోయింది. పైకి వచ్చిన సమయం రాయవలసిన గడి ఖాళీగా ఉండిపోయింది.

ఆ సాయంత్రం పని ముగిశాక మస్తానమ్మ చెక్క వైపు చూసింది. ఒకటో మేకు ఖాళీ.

"ఆఫీసరు రాలా. ఎవురూ పోబాకండి" అంది.

నలుగురు దీపాలు పట్టుకుని లోపలికి దిగారు. కాసేపటికి ముఖాలు పాలిపోయి పైకి వచ్చారు. తూర్పు సొరంగంలో ముందు ఒక దీపం కనబడిందట. టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు చిన్న సుత్తితో పైకప్పును తట్టుకుంటూ నడుస్తున్నాడట. "సారూ" అని పిలిస్తే పలకలేదట. వీళ్ళు ఎంత నడిచినా ఆ దీపం దగ్గర కాలేదట.

మేనేజరు దశరథరామయ్య వచ్చి చిరాకుపడ్డాడు. "ఆయన జీపెక్కడం నేను చూశాను. బిళ్ళ పొరపాటున పట్టుకుపోయి ఉంటారు. ఇళ్ళకు పదండి" అన్నాడు. అందరూ వెళ్ళారు. మస్తానమ్మ మాత్రం బావి అంచున నిలబడి, ఊరుకోలేక లోపలికి పిలిచింది.

"ఒకటో నంబరూ!"

లోపలినుంచి టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వినిపించాయి.

కోదండపాణికి ఇవేవీ తెలియవు. మర్నాడు జేబులో బిళ్ళ దొరికితే బల్ల సొరుగులో పడేశాడు. తర్వాత సొరుగు తీసినప్పుడల్లా ఆ బిళ్ళ తడిగా ఉండేది. దాని కింద కాగితాలు చెమ్మగిల్లి సిరా అలుక్కుపోయేది. తుడిచి పెట్టినా మళ్ళీ తడే. ఇంట్లో ఎక్కడో కారుతోందని ఆయన పైకప్పు వైపు చూసుకున్నాడు. అది నడివేసవి.

నలభై రోజులు గడిచాయి. మెరకతిప్ప గని నుంచి ఒక అర్జీ వచ్చింది. తూర్పు సొరంగాన్ని ఇంకా ముందుకు తవ్వుకోవడానికి అనుమతి కావాలని దాని సారాంశం. ఆ తూర్పు వైపు కొండ కింద తాతల నాటి పాత తవ్వకాలు ఉన్నాయి. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూపే పటం లేదు. ఎన్నో ఏళ్ళ వాననీరు వాటిలో నిండి ఉంది. అలాంటి చోట గనుల శాఖ నియమం ఒకటే. ముందు సన్నటి పొడుగు బెజ్జాలు తొలిచి, ఎదుట రాయి ఉందో నీరు ఉందో తెలుసుకోవాలి. అందుకు కావలసిన యంత్రాన్ని, దాన్ని నడిపే మనుషుల్ని శాఖే ఉచితంగా పంపుతుంది. తనిఖీ అధికారి దిగి, గోడ చూసి, యంత్రం కావాలో వద్దో ఒక్క మాట రాస్తే చాలు.

ఆ ఒక్క మాట రాయడానికే కోదండపాణి బయల్దేరాడు. తిరిగి ఇచ్చేద్దామని బిళ్ళ జేబులో వేసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం కావస్తోంది. మెరకతిప్ప దారి పొడవునా నేల మీద అభ్రకం ముక్కలు ఎండకు మెరుస్తూ కళ్ళు తెరవనివ్వడం లేదు. ఆయన్ను చూడగానే మస్తానమ్మ లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"సారూ, మీరు యాడనించి వచ్చినారు?" అంది.

"ఊళ్ళోనుంచి. ఎందుకలా చూస్తావు?"

"మీరు లోపలే ఉండారు గదా!"

కోదండపాణికి నవ్వు రాలేదు. మస్తానమ్మ చెప్పుకుపోయింది. రోజూ సాయంత్రం పిలిస్తే రోజూ మూడు దెబ్బలు వినబడుతున్నాయి. తూర్పు సొరంగంలో టోపీ పెట్టుకున్న మనిషిని అందరూ చూస్తున్నారు. ఆయన సుద్దముక్కతో గీత పెట్టిన చోటల్లా వీళ్ళు కర్రలు నిలబెట్టుకుంటున్నారు. ఒకచోట కర్ర నిలబెట్టిన మర్నాడే పైనుంచి బండ జారి, ఆ కర్ర మీదే ఆగిందట.

"మా వోళ్ళకి భయం పోయింది సారూ. మన ఆఫీసరు శానా మంచోడు, ఇంటికి గూడా పోకండా చూస్తుండాడు అంటుండారు" అంది.

బిళ్ళ మరిచిపోయి పట్టుకెళ్ళానమ్మా, ఇదిగో తీసుకో అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోట రాలేదు. "పిచ్చి మాటలు మాను. నాకు ఇంకో బిళ్ళ ఇవ్వు" అన్నాడు.

"లోపలుండే మనిషికి రెండో బిళ్ళ ఇయ్యకూడదు సారూ" అంది మస్తానమ్మ. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

కోదండపాణి రెండో బావి దగ్గరి షెడ్డుకు వెళ్ళి పేపరు విప్పాడు. ఒక్క అక్షరం కూడా కళ్ళకు ఎక్కలేదు. కాసేపటికి కాళ్ళ కింద, చాలా లోతున, టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఎవరో నడుస్తూ తడుతున్నారు. చప్పుడు సరిగ్గా ఆయన కుర్చీ కింద కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా తూర్పుకు జరిగింది. ఆయన బూట్లకు పొడి పూసుకోవడం కూడా మరిచిపోయి లేచి వచ్చేశాడు.

మేనేజరు గదిలో కాగితం సిద్ధంగా ఉంది. దశరథరామయ్య, "చూశారా సార్? యంత్రం కావాలంటే చెప్పండి. నెల పట్టినా ఆగుతాను. మీ మాటే నాకు ఆధారం" అన్నాడు.

అది మంచి మనిషి అడిగిన మంచి ప్రశ్న. యంత్రం కావాలని రాసేస్తే పోయేది. కానీ అలా రాస్తే, గోడలో ఏం చూశారో వివరం రాయాలి. ఏమీ చూడనివాడు ఏం వివరం రాస్తాడు? చెయ్యి తనకు వచ్చిన నాలుగు వాక్యాలే రాసింది. అయిదోది కూడా చేర్చింది. "యంత్రం అవసరం లేదు, తవ్వుకోవచ్చు." కింద సంతకం పడింది.

పని మొదలు పెట్టమని మేనేజరు చెప్పగానే రవణయ్య పదిమందితో వచ్చి బిళ్ళలు తీసుకున్నాడు. దిగబోతూ ఆగి కోదండపాణి వైపు తిరిగాడు.

"సారూ, తూర్పు గోడకి సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టింది మీరే గదా. తవ్వమని కాగితం మీద రాసిందీ మీరే. ఏది నమ్మేది?"

"కాగితమే నమ్ము" అన్నాడు కోదండపాణి. ఆ మాట అన్నందుకు ఆయన బతికినన్నాళ్ళూ సిగ్గుపడ్డాడు.

పదకొండు మంది దిగిపోయారు. పదకొండు మేకులు ఖాళీ అయ్యాయి. ఒకటోదితో కలిపి పన్నెండు.

వెళ్ళేముందు పోయినసారి వదిలేసిన గడి నింపేసి పోదామని ఆయన బావి ముందున్న పుస్తకం తెరిచాడు. పేజీ తిప్పాడు.

తను నలభై రోజుల కిందట రాసిన వరుస కింద, రోజుకొక వరుస చొప్పున, తన దస్తూరీలోనే రాసి ఉంది. ఆ వంకర 'ద', ఆ పొడుగు కొమ్ము తనవే. మస్తానమ్మకు అంకెలే గాని అక్షరాలు రావు. మిగతావాళ్ళు తమ పేజీలు తప్ప అధికారి పేజీ తెరవరు. ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ చదవలేదు.

"దిగి చూశాను. తూర్పు గోడ పొడిగా ఉంది." "దిగి చూశాను. గోడ చల్లగా తగులుతోంది." "గోడ చెమర్చింది." "చెమట ధార కట్టింది." "చెవి ఆనిస్తే అవతల నీళ్ళు కదులుతున్నాయి." అన్నిటికంటే కింద ఆ రోజు తేదీతో, సిరా ఇంకా ఆరని వరుస ఒకటి ఉంది. "గోడ ఈ పూట ఆగదు. చూసినవాణ్ణి నేను. సంతకం పైన కూర్చున్నవాడి దగ్గర ఉంది."

ఒక్క వరుసకూ సంతకం లేదు. పైకి వచ్చిన సమయం గడులన్నీ ఖాళీ.

కలం కోసం జేబులో చెయ్యి పెడితే బిళ్ళ తగిలింది. అది మంచుగడ్డలా ఉంది. జేబంతా తడిసి నీళ్ళు కాలి మీదుగా కారుతున్నాయి.

మస్తానమ్మ ఆయన ముఖం చూసింది. పుస్తకంలో ఏముందో ఆమె అడగలేదు. దగ్గరకు వచ్చి నిలబడింది.

"సారూ, నా బిడ్డ లోపలుండాడు. నిజం చెప్పండి. మీరు ఎప్పుడన్నా దిగినారా?"

బావి పక్క పాకలో అభ్రకం పొరలు విడదీస్తున్న ఆడవాళ్ళు కత్తులు ఆపి చూస్తున్నారు. మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇంతమంది ముందు ఆ మాట అనడం కంటే బావిలో దూకడం సులువనిపించింది కోదండపాణికి. అయినా అన్నాడు.

"లేదమ్మా. ఏ ఒక్కరోజూ దిగలేదు. రాసిందంతా అబద్ధం. దశరథరామయ్యగారూ, పని ఆపించండి!"

మేనేజరు పరుగెత్తి గంట కొట్టాడు. కొట్టి చెవి ఒగ్గాడు. లోపల డ్రిల్లు మోత ఆగలేదు. ఆ మోతలో వాళ్ళకు గంట వినబడదు.

"నేను దిగుతాను" అంటూ మేనేజరు దీపం అందుకున్నాడు. కోదండపాణి ఆ దీపం లాక్కున్నాడు.

"వాళ్ళు దిగింది నా సంతకం చూసి. నేనే వెళ్ళాలి."

ఆ నిచ్చెనకు అరవై మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గర పైన ఆకాశం పళ్ళెమంత అయింది. నలభయ్యో మెట్టు దగ్గర ఊపిరి అందక కళ్ళు మూసుకుని వేలాడాడు. పైనుంచి మస్తానమ్మ గొంతు వినబడింది. "ఒకటో నంబరూ!" అని ఆమె పిలుస్తోంది. ఈసారి బదులు ఇవ్వవలసింది తనే. "దిగుతున్నాను!" అని అరిచి మిగతా మెట్లు దిగాడు.

అడుగున రెండు దారులు చీలాయి. ఏది తూర్పో ఆయనకు తెలియలేదు. నాలుగేళ్ళుగా తనిఖీ చేస్తున్న గనిలో దారి తెలియక నిలబడిపోయాడు. డ్రిల్లు మోత ఏ వైపునుంచి వస్తోందో పోల్చుకోలేకపోయాడు, అన్ని గోడలూ మోగుతున్నాయి. అప్పుడు ఎడమవైపు దారిలో ఒక దీపం కదిలింది. టోపీ పెట్టుకున్న మనిషి వీపు కనబడింది. ఆ భుజాల వంపు ఆయనకు బాగా తెలుసు. అద్దంలో తప్ప ఎవరూ తమ వీపు చూసుకోలేరు. ఆయన చూశాడు. అయినా ఆ దీపం వెనకే పరుగెత్తాడు.

ఆ మనిషి తూర్పు గోడ దాకా వెళ్ళి, సుద్ద గుర్తు మీద చెవి ఆనించి నిలబడ్డాడు. పక్కనే డ్రిల్లు నడుపుతున్న రవణయ్య వాళ్ళకు ఈసారి ఆ మనిషి కనబడుతున్నట్టు లేదు. కోదండపాణి వెళ్ళి సరిగ్గా ఆ చోటే చెవి ఆనించాడు. గోడ చల్లగా ఉంది. చెంప తడిసింది. రాతి అవతల, పెద్ద గాబులో నీళ్ళు అటూ ఇటూ ఊగుతున్నట్టు చప్పుడు. తల ఎత్తి చూస్తే పక్కన ఎవరూ లేరు. ఆయన చేతిలో ఒక్క దీపమే ఉంది.

"ఆపండి! బయటికి పదండి!"

రవణయ్య డ్రిల్లు ఆపాడు. "ఇందాక తవ్వమన్నారు గదా సారూ?"

"అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూశాను."

డ్రిల్లు పెట్టిన బెజ్జంలోంచి దారంలా నీరు చిమ్మడం అప్పుడే మొదలైంది. ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. పదకొండు మంది పరుగెత్తారు. కోదండపాణి నిచ్చెన దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కించాడు. ఏడో మనిషి ఎక్కుతుండగా వెనక గోడ పగిలింది. నీటి మోతకు నేల అదిరింది. ఆఖరివాడు ఎక్కేసరికి నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. నిచ్చెన ఎక్కబోతే చేతుల పట్టు తప్పింది. సరిగ్గా పైమెట్టు మీదున్న రవణయ్య కిందికి వంగి, చొక్కా కాలరు పట్టుకుని ఆయన్ను లాగాడు.

పైన మస్తానమ్మ చెక్క ముందు నిలబడి నంబర్లు పిలుస్తోంది. పిలిచినవాడు వచ్చి బిళ్ళ తగిలిస్తున్నాడు. కొడుకు నంబరు వచ్చినప్పుడు కూడా కౌగిలించుకోలేదు, పిలుపు ఆపలేదు. పదకొండు బిళ్ళలూ వచ్చాయి.

"ఒకటో నంబరు."

కోదండపాణి ముందుకు వచ్చి బిళ్ళ తగిలించాడు. అది వేడిగా, పొడిగా ఉంది. చెక్క నిండింది. అప్పుడు మస్తానమ్మ కొడుకు మెడ మీద తల వాల్చి ఏడ్చింది.

ఆయన పుస్తకం తెరిచి, నలభై రోజులుగా ఖాళీగా ఉన్న గడిలో పైకి వచ్చిన సమయం రాశాడు. ఒంటిగంట ఇరవై నిమిషాలు. కింద ఉన్న వరుసలన్నిటికీ ఒక్కొక్కటిగా సంతకం చేశాడు. ఇవెవరు రాశారని పైఅధికారులు అడిగినప్పుడు, "నేను చేయవలసిన పని ఇది. ఎవరో చేశారు" అని మాత్రం చెప్పాడు. తన అబద్ధాలన్నీ తనే రాసి ఇచ్చాడు. శాఖ ఆయన్ను హోదా తగ్గించి, కొత్తగా చేరినవాళ్ళ వెంట దీపం పట్టుకుని తిరిగే పనిలో వేసింది.

తర్వాత శాఖవారి యంత్రం వచ్చింది. పాత తవ్వకాల నీరు తోడారు, పటం గీశారు, ఉత్తరం వైపు మంచి అభ్రకం ఉన్న చోటు కనిపెట్టి చూపించారు. మెరకతిప్పలో మళ్ళీ పని మొదలైంది. మస్తానమ్మ కొన్నాళ్ళు అలవాటు కొద్దీ సాయంత్రం పూట బావిలోకి పిలిచేది. లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు.

కోదండపాణి ఆ తర్వాత కూడా దిగిన ప్రతిసారీ వణికాడు, అయినా దిగాడు.

నీతి: మన సంతకాన్ని నమ్మి ఇంకొకరు తమ ప్రాణాలు మన చేతిలో పెట్టి అడుగు వేస్తారు. అందుకే కళ్ళతో చూడనిదాన్ని చూశానని ఎన్నడూ రాయకూడదు.